విద్యుద్వారధి

పాఠ్యాంశ పరిచయం

విద్యుత్తు లేని దైనందిన జీవితాన్ని నేడు ఊహించలేము. అయినా అది మన ఇంటికి చేరే మార్గాన్ని గురించి మనకు తెలిసినది స్వల్పం. ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగానూ, తిరిగి ఏకముఖ విద్యుత్తును ఏకాంతర విద్యుత్తుగానూ మార్చే వలయాల వెనుక ఒక ఇంజనీరు పాతికేళ్ల పరిశ్రమ ఉన్నది. ఆయన స్వీడన్ దేశస్థుడైన ఉనో లామ్. ఆయన కృషిని, ఆ కృషి ఫలితం విశాఖపట్టణంలోని గాజువాకకు చేరిన క్రమాన్ని తెలియజేయడం ఈ పాఠ్యాంశం ఉద్దేశం.

ప్రక్రియ: వైజ్ఞానిక వ్యాసం

పాఠం

విశాఖపట్టణానికి ఉత్తరాన గోస్తనీ నదీతీరంలో తగరపువలస ఉన్నది. నగరానికి నైరుతి దిశలో గాజువాక ఉన్నది. తగరపువలసలోని ఒక ఇంట సాయంకాలం మీట నొక్కగానే దీపం వెలుగుతుంది. ఆ వెలుగు ఎక్కడ పుట్టినదని ఆలోచించేవారు అరుదు. అది శ్రీశైలం జలాశయం వద్ద పుట్టి ఉండవచ్చు, సింగరేణి బొగ్గు మండినచోట పుట్టి ఉండవచ్చు, ఒడిశాలోని తాల్చేరు గనుల చెంత పుట్టి ఉండవచ్చు. వందలాది కేంద్రాలలో ఉత్పత్తి అయిన విద్యుత్తు గ్రిడ్ అనే మహా విద్యుజ్జాలంలో కలిసిన తరువాత ఏది ఎక్కడిదో విడదీయడం సాధ్యం కాదు. అయితే 1999 నుంచి ఒడిశాలోని జయపురం మీదుగా గాజువాకకు చేరిన విద్యుత్తుకు మాత్రం ఒక ప్రత్యేకత ఉన్నది. అది దక్షిణాది గ్రిడ్‌లో అడుగుపెట్టే ముందు గాజువాకలో తన వేషాన్ని విప్పి, మరొక వేషం ధరించి, తిరిగి మొదటి వేషంలోకి రావలసి వచ్చేది. ఈ వేషధారణ అవసరం ఎందుకు కలిగింది? దానిని సాధ్యం చేసినవారెవరు?

లయ తప్పిన రెండు గ్రిడ్లు

మన ఇళ్లకు వచ్చేది ఏకాంతర విద్యుత్తు. అది తీగలో ఒకే దిశలో ప్రవహించదు. ముందుకు ఒకసారి, వెనుకకు ఒకసారి ఊగుతుంది. మన దేశంలో ఈ ఊగు సెకనుకు 50 ఆవృత్తులుగా జరగాలని నిర్ణయించారు. దీనినే 50 హెర్ట్జ్‌ల పౌనఃపున్యం అంటారు. ఒక గ్రిడ్‌లోని జనరేటర్లన్నీ ఒకే లయలో తిరగడం తప్పనిసరి.

అరకు లోయలో గిరిజన స్త్రీలు ఒకరితో ఒకరు చేతులు పెనవేసుకొని థింసా నృత్యం చేస్తారు. వరుసలోని వారందరి అడుగు ఒక్కసారే పడాలి. ఒకరి అడుగు జారితే పక్కవారి చేతులు ఆమెను సర్దుతాయి. కాని వేరొక డప్పు లయకు ఆడుతున్న మరొక వరుసను తెచ్చి ఈ వరుసతో చేతులు కలిపితే ఆట సాగదు. ఇరువైపులవారూ తూలిపడతారు. లయ కుదరని రెండు గ్రిడ్లను తీగలతో నేరుగా కలిపినా ఇదే జరుగుతుంది. యంత్రాల నడుమ అదుపులేని విద్యుత్ప్రవాహం చెలరేగి, రక్షణ పరికరాలు తీగలను తెంచివేస్తాయి.

ఇరవయ్యో శతాబ్ది చివరి సంవత్సరాలలో తూర్పు గ్రిడ్, దక్షిణ గ్రిడ్ అటువంటి రెండు వరుసలు. తూర్పున బొగ్గు గనులు పుష్కలం, విద్యుత్ కేంద్రాలు అనేకం, వాడకం తక్కువ. డిమాండు కంటె ఉత్పత్తి ఎక్కువైనప్పుడు పౌనఃపున్యం 50 దాటి పైకి పోతుంది. దక్షిణాన వ్యవసాయ మోటార్లు, కర్మాగారాలు, నగరాలు విస్తరించాయి. జలవిద్యుత్తు వర్షాలపై ఆధారపడినది. ఉత్పత్తి చాలనప్పుడు పౌనఃపున్యం 50 కంటె దిగజారుతుంది. అది తగ్గితే మోటార్ల వేగం మందగిస్తుంది, ఆవిరి టర్బైన్ల రెక్కలకు ప్రమాదం వాటిల్లుతుంది, చివరకు కోతలు విధించక తప్పదు. ఒకచోట మిగులు, మరొకచోట కొరత. కొండల మీదుగా తీగలు వేయడం కష్టమేమీ కాదు. లయ కుదరని రెండు గ్రిడ్ల నడుమ బేరం కుదిర్చే మధ్యవర్తి దొరకడమే కష్టం.

ఏకముఖ విద్యుత్తే ఆ మధ్యవర్తి. దానికి ఊగు లేదు, లయ లేదు. అది ఒకే దిశలో ప్రవహిస్తుంది. తూర్పు లయలోని ఏకాంతర విద్యుత్తును ముందుగా లయలేని ఏకముఖ విద్యుత్తుగా మార్చి, దానిని దక్షిణపు లయకు అనుగుణమైన ఏకాంతర విద్యుత్తుగా తిరిగి మలచితే రెండు గ్రిడ్లూ తమ తమ లయలను విడువకుండానే ఇచ్చిపుచ్చుకోవచ్చు. చెప్పడానికి ఇది సులభం. కాని వందల మెగావాట్ల విద్యుచ్ఛక్తిని ఇలా మార్చగల వలయాన్ని నిర్మించడానికి ప్రపంచం అనేక దశాబ్దాలు నిరీక్షించవలసి వచ్చింది.

పరిష్కారం దొరకని పాత సమస్య

1882లో థామస్ ఎడిసన్ న్యూయార్క్ నగరంలోని పెర్ల్ వీధిలో నెలకొల్పిన విద్యుత్ కేంద్రం ఏకముఖ విద్యుత్తునే సరఫరా చేసింది. అయితే తక్కువ ఓల్టేజి వద్ద పంపిన ఆ విద్యుత్తు కొద్ది దూరం పోయేసరికి తీగలలో వేడిగా మారి వ్యర్థమయ్యేది. ఓల్టేజిని పది రెట్లు పెంచితే అంతే శక్తిని పదోవంతు ప్రవాహంతో పంపవచ్చు. అప్పుడు అదే తీగలో కలిగే నష్టం నూరోవంతుకు తగ్గుతుంది. ఓల్టేజిని పెంచడానికి, తగ్గించడానికి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది. అది ఏకాంతర విద్యుత్తుతో మాత్రమే పనిచేస్తుంది. ఈ ఒక్క కారణం వల్ల పందొమ్మిదో శతాబ్ది ముగిసేనాటికి ఏకాంతర విద్యుత్తుదే పైచేయి అయింది.

అయినా ఏకాంతర విద్యుత్తుకు కొన్ని బలహీనతలు మిగిలాయి. సముద్ర గర్భంలో పరచిన పొడవైన కేబుల్ ఒక పెద్ద కెపాసిటర్ వలె ప్రవర్తిస్తుంది. ప్రతి ఊగులోనూ కేబుల్‌ను నింపడానికి, ఖాళీ చేయడానికే ప్రవాహంలో అధిక భాగం ఖర్చవుతుంది. దూరం పెరిగినకొద్దీ ఆవలి ఒడ్డుకు చేరేది తగ్గుతుంది. ఏకముఖ విద్యుత్తు కేబుల్‌ను ఒకసారి నింపితే చాలు. దూరదేశాలకు, సముద్రాల ఆవలికి, లయ కుదరని గ్రిడ్లకు ఏకముఖ విద్యుత్తే తగినదని ఇంజనీర్లు గ్రహించారు. స్విట్జర్లాండ్ దేశస్థుడైన రెనె త్యూరీ యంత్రాలను వరుసగా కలిపి అధిక ఓల్టేజి ఏకముఖ విద్యుత్తును పుట్టించాడు. ఆయన పద్ధతిలో ఫ్రాన్సులోని మూతియే నుంచి లియోన్ నగరానికి 1906 మొదలు 1936 వరకు విద్యుత్తు ప్రసారమైంది. కాని తిరిగే యంత్రాలపై ఆధారపడిన ఆ పద్ధతికి పరిమితులు అధికం. తిరిగే భాగాలు లేకుండా, నిశ్శబ్దంగా, క్షణంలో వెయ్యోవంతు వ్యవధిలో విద్యుత్తుకు దారి తెరచి మూసే కవాటం ఒకటి కావలసి వచ్చింది.

పాదరస కవాటం

అటువంటి కవాటానికి బీజం అప్పటికే పడి ఉన్నది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో అమెరికా దేశస్థుడైన పీటర్ కూపర్ హెవిట్ పాదరస ఏకధిక్కరణిని రూపొందించాడు. గాలిని తొలగించిన ఒక శూన్యపాత్ర అడుగున పాదరసం ఉంటుంది. పైన ఆనోడు ఉంటుంది. రెండింటి నడుమ విద్యుచ్చాపం వెలిగినప్పుడు పాదరసపు ఉపరితలం ఎలక్ట్రానులను వెదజల్లుతుంది. ఆనోడు వాటిని వెదజల్లదు. అందువల్ల ప్రవాహం ఒకే దిశలో సాగుతుంది. ఓల్టేజి తిరగబడగానే ఆగిపోతుంది. ఏకాంతర విద్యుత్తు ఏకముఖమవుతుంది.

తక్కువ ఓల్టేజి వద్ద ఈ పరికరం చక్కగా పనిచేసింది. ఓల్టేజి పెరిగినప్పుడు మాత్రం ఒక దోషం తలెత్తింది. ప్రవాహం ఆగవలసిన క్షణంలో అప్పుడప్పుడు ఆనోడు మీదనే ఒక వెలుగుచుక్క పుట్టి, చాపం వెనుకకు పాకేది. మూసి ఉండవలసిన తలుపు ఒక్కసారిగా బార్లా తెరచుకున్నట్లయ్యేది. అది ఎప్పుడు జరుగుతుందో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

ఈ సమస్యను తన జీవిత కార్యంగా స్వీకరించినవాడు ఉనో లామ్. ఆయన 1904లో స్వీడన్‌లోని గోతెన్‌బర్గ్ నగరంలో జన్మించాడు. స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1927లో పట్టం పొందాడు. అనంతరం ఏ.ఎస్.ఇ.ఏ. అనే విద్యుత్ పరికరాల సంస్థలో చేరాడు. 1929లో, ఇరవై అయిదేళ్ల వయస్సులో, అధిక ఓల్టేజి పాదరస కవాటాన్ని అభివృద్ధి చేసే బాధ్యత ఆయనపై పడింది. ఆ సంవత్సరమే ఆయన తన మూల భావనకు పేటెంటు పొందాడు.

ఆ భావన సరళమైనది. సింహాచలం కొండను ఎవరూ ఒక్క దూకులో ఎక్కలేరు. మెట్లు కట్టినందువల్ల ఎక్కగలుగుతున్నారు. కొండ ఎత్తు తగ్గలేదు. ఆ ఎత్తును మెట్లు పంచుకున్నాయి. లామ్ కూడా ఆనోడుకు, పాదరసానికి నడుమ అనేక లోహపు ఎలక్ట్రోడులను ఒకదాని తరువాత ఒకటిగా అమర్చాడు. బయట ఉన్న ఓల్టేజి విభాజకానికి వాటిని కలిపాడు. మొత్తం ఓల్టేజి ఒకేచోట కేంద్రీకృతం కాకుండా ఆ ఎలక్ట్రోడుల నడుమ సమంగా పంపిణీ అయింది. ఏ ఒక్క ఖాళీ మీదను భరించలేనంత భారం పడలేదు.

ఈ కవాటానికి మరొక అంగం కూడా ఉన్నది. అది నియంత్రణ జాలకం. దానికి ఋణ ఓల్టేజి ఇచ్చినంతవరకు చాపం వెలగదు. ఆ ఓల్టేజిని తొలగించిన క్షణాన కవాటం తెరచుకుంటుంది. ఆరు కవాటాలను ఒక వలయంగా కూర్చి, వంతులవారీగా తెరచినట్లయితే మూడు దశల ఏకాంతర విద్యుత్తు ఏకముఖ విద్యుత్తుగా మారుతుంది. తెరిచే క్షణాన్ని ఆలస్యం చేసినకొద్దీ ఏకముఖ ఓల్టేజి తగ్గుతుంది. మరింత ఆలస్యం చేస్తే ఓల్టేజి తిరగబడి, అదే వలయం ఏకముఖ విద్యుత్తును ఏకాంతర విద్యుత్తుగా మార్చే ఇన్వర్టర్ అవుతుంది. ప్రవాహ దిశ మాత్రం మారదు. కవాటం తెరిచే వేళను ఎంచుకోవడం ద్వారా విద్యుచ్ఛక్తి ఎటు పోవాలో, ఎంత పోవాలో నిర్ణయించవచ్చు. విద్యుత్ మార్పిడి వలయాల మూలసూత్రం ఇదే.

పాతికేళ్ల తపస్సు

పేటెంటు పొందడం ఒక ఎత్తు, పనిచేసే యంత్రాన్ని నిలబెట్టడం మరొక ఎత్తు. చిన్న శక్తి వద్ద నిలిచిన కవాటం అసలు శక్తి వద్ద నిలుస్తుందో లేదో ప్రయోగశాలలో తేలదు. అందుచేత 1940 దశకంలో ట్రోల్‌హెట్టన్ జలవిద్యుత్ కేంద్రం వద్ద పరీక్షాకేంద్రాన్ని నెలకొల్పారు. అక్కడి నుంచి మెల్లెరుడ్ వరకు సుమారు 50 కిలోమీటర్ల ప్రయోగ మార్గాన్ని నిర్మించారు. లామ్ ఒకవైపు ఉద్యోగ బాధ్యతలను నిర్వహిస్తూనే 1943లో డాక్టరేటు పట్టం సాధించాడు.

ఈ పోటీలో ఇతరులూ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీ ఎల్బె నది ప్రాంతం నుంచి బెర్లిన్‌కు అటువంటి మార్గాన్ని నిర్మించింది. యుద్ధానంతరం ఆ పరికరాలు సోవియట్ యూనియన్‌కు తరలిపోయాయి. వాటితో 1951లో మాస్కో, కషీరా పట్టణాల నడుమ ప్రయోగాత్మక ప్రసారం జరిగింది. కాని వాణిజ్య అవసరాలకు నిత్యం పనిచేసే మార్గం ఇంకా ఎక్కడా లేదు.

ఆ అవకాశం గోట్‌లాండ్ ద్వీపం వల్ల కలిగింది. బాల్టిక్ సముద్రంలోని ఈ ద్వీపం స్వీడన్‌కు చెందినది. ప్రధాన భూభాగంలో నదుల మీద చౌకైన జలవిద్యుత్తు ఉన్నది. సముద్రం దాటించడానికి ఏకాంతర విద్యుత్తుకు దూరం అడ్డువచ్చింది. 1954లో సుమారు 98 కిలోమీటర్ల కేబుల్‌ను సముద్రగర్భంలో పరచి, 100 కిలోవోల్టుల వద్ద 20 మెగావాట్ల ఏకముఖ విద్యుత్తును ద్వీపానికి పంపారు. కేబుల్ ఒక్కటే. తిరుగు ప్రవాహానికి సముద్ర జలమే దారి అయింది. 1929లో మొలకెత్తిన భావన ఫలించడానికి పాతికేళ్లు పట్టింది. అప్పటికి లామ్ వయస్సు యాభై ఏళ్లు.

ఆ తరువాత పురోగతి వేగం పుంజుకున్నది. 1961లో ఇంగ్లండు, ఫ్రాన్సుల నడుమ ఇంగ్లీషు చానల్ అడుగున ఏకముఖ మార్గం ఏర్పడింది. జపానులో సగం దేశం 50 హెర్ట్జ్‌ల లయను, సగం దేశం 60 హెర్ట్జ్‌ల లయను పాటిస్తుంది. ఆ రెండింటినీ కలపడానికి 1965లో సకుమా వద్ద మార్పిడి కేంద్రాన్ని నెలకొల్పారు. 1970లో అమెరికా పశ్చిమ తీరంలో ఉత్తరాన ఉన్న జలవిద్యుత్తు 1,362 కిలోమీటర్లు పయనించి లాస్ ఏంజలస్ చేరింది. పసిఫిక్ ఇంటర్‌టై అనే ఆ పథకానికి లామ్ అమెరికా వెళ్లి తోడ్పడ్డాడు. ఆ పథకంలోనే భారతదేశంలో ఇంజనీరింగు చదివిన నరైన్ హింగోరాణీ కూడా కృషి చేశాడు. ఏకముఖ ప్రసారాన్ని గురించి హింగోరాణీ కాలిన్ ఆడమ్సన్‌తో కలిసి 1960లోనే గ్రంథం వెలువరించాడు. అమెరికాలోని ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ లామ్ పేరిట నెలకొల్పిన పురస్కారం 1985లో హింగోరాణీకి లభించింది.

ఇంతలో లామ్ కవాటానికి కాలం చెల్లనారంభించింది. 1957లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో థైరిస్టర్ ఆవిర్భవించింది. అది సిలికాన్ అనే అర్ధవాహకంతో చేసిన చిన్న బిళ్ల. పాదరసం లేదు, చాపం లేదు, వెనుకకు పాకే భయమూ లేదు. 1972లో కెనడాలోని ఈల్ రివర్ కేంద్రాన్ని పూర్తిగా థైరిస్టర్లతో నిర్మించారు. పాదరస కవాటాలు ఒక్కొక్కటిగా తొలగిపోయాయి. న్యూజీలాండ్‌లో 1965 నుంచి పనిచేసినవి సైతం 2012లో విశ్రమించాయి. పరికరం మారింది. కాని కవాటాలను వంతులవారీగా తెరవడం, తెరిచే వేళను నియంత్రించడం, అధిక ఓల్టేజిని అనేక మెట్లుగా పంచడం అనే సూత్రాలు మారలేదు. ఒక థైరిస్టర్ భరించలేని ఓల్టేజిని వరుసగా కలిపిన అనేక థైరిస్టర్లు పంచుకుంటాయి. సింహాచలం మెట్ల ఉపమానం ఇక్కడ కూడా వర్తిస్తుంది.

గాజువాక

లామ్ 1989లో కాలిఫోర్నియాలో మరణించాడు. ఆ సంవత్సరమే మన దేశంలో ఉత్తర, పశ్చిమ గ్రిడ్లను కలుపుతూ వింధ్యాచల్ వద్ద మార్పిడి కేంద్రం ఆరంభమైంది. దిగువ సీలేరు నుంచి నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బార్సూరు వరకు 196 కిలోమీటర్ల ఏకముఖ మార్గాన్ని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థ దేశీయ పరిజ్ఞానంతో రూపొందించింది కూడా ఆ కాలంలోనే. అంతవరకు ఏకాంతర విద్యుత్తును మోసిన తీగలనే అందుకు వినియోగించడం విశేషం. తూర్పు కనుమల నడుమ సాగిన ఈ ప్రయోగం తెలుగు నేలపై ఏకముఖ ప్రసారానికి తొలి అడుగు.

1999లో గాజువాకలో 500 మెగావాట్ల సామర్థ్యం గల మార్పిడి కేంద్రం ఏర్పడింది. 2005లో అంతే సామర్థ్యం గల రెండో విభాగం దానికి తోడై, మొత్తం 1,000 మెగావాట్లయింది. ఇక్కడ పొడవైన ఏకముఖ తీగలు లేవు. జయపురం నుంచి 400 కిలోవోల్టుల ఏకాంతర విద్యుత్తు వస్తుంది. ఒక వలయం దానిని ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. అదే ఆవరణలో, దానికి వెన్నానుకొని ఉన్న మరొక వలయం దక్షిణపు లయలో ఏకాంతర విద్యుత్తును తయారుచేస్తుంది. ఏకముఖ విద్యుత్తు పయనించేది ఒక భవనం పొడవు మాత్రమే.

గోదావరి కాలువలపై లాకులను చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. ఎగువ నీటిమట్టం వేరు, దిగువ నీటిమట్టం వేరు. పడవ నేరుగా దిగితే బోల్తాపడుతుంది. రెండు తలుపుల నడుమ ఉన్న గదిలోకి పడవను రానిచ్చి, ఒక తలుపు మూసి, నీటిమట్టం సరిచేసి, రెండో తలుపు తెరుస్తారు. కాలువల మట్టాలు ఎప్పటివలెనే ఉంటాయి. పడవ క్షేమంగా సాగిపోతుంది. గాజువాక కేంద్రం రెండు గ్రిడ్ల నడుమ అటువంటి లాకు. భేదమల్లా దాని తలుపులు సెకనులో వందలమార్లు వంతులవారీగా తెరచుకుంటాయి.

ఈ సౌకర్యం ఉచితంగా లభించదని కూడా గుర్తించాలి. మార్పిడి కేంద్రం నిర్మాణ వ్యయం అత్యధికం. ప్రతి మార్పిడిలోనూ కొంత శక్తి వేడిగా పోతుంది. కవాటాలు తెరచి మూసేటప్పుడు పుట్టే అవాంఛిత తరంగాలను వడపోయడానికి ప్రత్యేక ఫిల్టర్లు అవసరం. లాభనష్టాలను బేరీజు వేసిన తరువాతనే ఇంజనీర్లు ఈ మార్గాన్ని ఎన్నుకుంటారు.

2012 జూలై నెలాఖరున ఈ వ్యవస్థకు ఒక పరీక్ష ఎదురైంది. జూలై 30న ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలిపోయాయి. 60 కోట్లకు పైగా ప్రజలు నివసించే ప్రాంతాలలో విద్యుత్తు స్తంభించింది. రైళ్లు నిలిచిపోయాయి. తూర్పు గ్రిడ్‌కు పొరుగునే ఉన్న ఉత్తరాంధ్రలో మాత్రం ఆ విపత్తు సంభవించలేదు. దక్షిణ గ్రిడ్ ఇతర గ్రిడ్లతో ఏకముఖ విద్యుత్తు ద్వారా మాత్రమే ముడిపడి ఉండటమే అందుకు కారణం. తూర్పు నుంచి రావలసిన విద్యుత్తు ఆగడం వల్ల దక్షిణాన పౌనఃపున్యం కొంత పడిపోయింది. అయినా గ్రిడ్ నిలబడింది. చేతులు పెనవేసుకొని ఉన్న వరుస ఏదైనా కూలితే అందులోనివారందరూ కూలుతారు. లాకుకు ఆవల ఉన్న కాలువ గండిపడితే ఈవలి కాలువకు అందే నీరు ఆగుతుందే గాని, ఈవలి గట్టు తెగదు.

అలాగని వేరుగా ఉండటమే శాశ్వత మార్గమని దేశం భావించలేదు. దక్షిణాది కొరతను తీర్చడానికి 1,000 మెగావాట్ల వారధులు చాలలేదు. గ్రిడ్ల క్రమశిక్షణ మెరుగుపడి, పౌనఃపున్యాలు 50కి చేరువైన తరువాత, 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్‌ల నడుమ 765 కిలోవోల్టుల ఏకాంతర మార్గం ద్వారా దక్షిణ గ్రిడ్‌ను దేశపు గ్రిడ్‌తో నేరుగా అనుసంధానించారు. దేశమంతా ఒకే లయలోకి వచ్చింది. అటుపిమ్మట గాజువాక వంటి కేంద్రాల పాత్ర మారింది. ఏకాంతర తీగలలో విద్యుత్తు తనకు సులువైన దారిని తానే వెదుక్కుంటుంది. ఏకముఖ వలయంలో అది మనిషి నిర్ణయించిన మేరకే ప్రవహిస్తుంది. లయ భేదాన్ని పరిహరించడానికి పుట్టిన వారధి ప్రవాహాన్ని అదుపు చేసే సాధనంగా కూడా ఉపకరించింది.

నేడు మార్పిడి వలయాలు మహానిర్మాణాలకే పరిమితం కాలేదు. ఇంటి కప్పు మీది సౌరఫలకం ఏకముఖ విద్యుత్తునే ఇస్తుంది. దానిని గ్రిడ్‌కు అందించేది ఇన్వర్టర్. సెల్‌ఫోనును నింపే చార్జరులో ఉన్నది ఏకధిక్కరణి. విద్యుత్ వాహనంలో ఈ రెండూ ఉంటాయి. ఉనో లామ్ కవాటం ఈనాడు ప్రదర్శనశాలలో చూడదగిన వస్తువు. ఆయన స్వీకరించిన సమస్య మాత్రం విద్యార్థుల ముందు కొత్త రూపాలలో నిలుస్తూనే ఉన్నది. సూర్యుని వెలుగును రాత్రికి నిలువచేయడం, గాలి వీచేచోటి నుంచి దీపం కావలసినచోటికి శక్తిని చేరవేయడం ఆ రూపాలలో కొన్ని. తన పరికరం చెరగిపోతుందని చింతించక, సమస్యను విడువక పాతికేళ్లు శ్రమించిన లామ్ జీవితం వాటిని చేపట్టేవారికి మార్గదర్శకం.

కఠిన పదాలకు అర్థాలు

అర్ధవాహకం – కొన్ని పరిస్థితులలో మాత్రమే విద్యుత్తును ప్రవహింపజేసే పదార్థం
అవాంఛితం – కోరనిది
ఆవృత్తి – ఒకసారి పూర్తయిన తిరుగుడు
ఏకధిక్కరణి – ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చే సాధనం
కవాటం – తలుపు. ప్రవాహాన్ని ఒకే దిశలో పోనిచ్చే సాధనం
చాపం – విల్లు. విల్లు ఆకారంలో వెలిగే విద్యుత్ప్రవాహం
జాలకం – చిన్న వల, జల్లెడ వంటిది
పరిహరించు – తొలగించు
పౌనఃపున్యం – ఒక సెకనులో జరిగే ఆవృత్తుల సంఖ్య
విభాజకం – భాగాలుగా పంచేది

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. అధిక ఓల్టేజి పాదరస కవాటాన్ని రూపొందించడంలో ఉనో లామ్ చేసిన కృషిని వివరించండి.
2. గాజువాక మార్పిడి కేంద్రం అవసరాన్ని, అది పనిచేసే విధానాన్ని, 2012, 2013 సంవత్సరాల సంఘటనల వెలుగులో దాని ప్రయోజనాన్ని చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఏకాంతర విద్యుత్తు ఏకముఖ విద్యుత్తుపై పైచేయి సాధించడానికి కారణమేమి?
2. సింహాచలం మెట్ల ఉపమానం ద్వారా రచనలో చెప్పిన విషయమేమి?
3. కాలువ లాకుకు, మార్పిడి కేంద్రానికి గల పోలికలను తెలపండి.
4. మార్పిడి కేంద్రాల పరిమితులు ఏవి?

III. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. పాదరస ఏకధిక్కరణిని రూపొందించినవారెవరు?
2. గోట్‌లాండ్ ద్వీపానికి ఏకముఖ విద్యుత్తు ఏ సంవత్సరంలో చేరింది?
3. గాజువాక కేంద్రానికి విద్యుత్తు ఒడిశాలోని ఏ పట్టణం మీదుగా వస్తుంది?
4. దక్షిణ గ్రిడ్ దేశపు గ్రిడ్‌తో నేరుగా కలిసిన తేదీ ఏది?

IV. సంధులు
విద్యుద్వారధి = విద్యుత్ + వారధి – జశ్త్వ సంధి
విద్యుచ్చాపం = విద్యుత్ + చాపం – శ్చుత్వ సంధి
ఉత్తరాంధ్ర = ఉత్తర + ఆంధ్ర – సవర్ణదీర్ఘ సంధి
అత్యధికం = అతి + అధికం – యణాదేశ సంధి

V. సమాసాలు
నదీతీరం – నది యొక్క తీరం – షష్ఠీ తత్పురుష సమాసం
శూన్యపాత్ర – శూన్యమైన పాత్ర – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
లాభనష్టాలు – లాభమును నష్టమును – ద్వంద్వ సమాసం
రెండు గ్రిడ్లు – రెండు సంఖ్య గల గ్రిడ్లు – ద్విగు సమాసం